సంపాదకుడికి లేఖ రాయడం పిల్లలకు ఎలా నేర్పాలి? టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

పత్రికా సంపాదకుడికి లేఖ అనేది చాలా తరగతుల్లో ఒక్క పీరియడ్‌లో అయిపోయే పాఠం. చిరునామా ఎక్కడ రాయాలో, 'ఇట్లు' ఎక్కడ రాయాలో చెప్పి, నల్లబల్ల మీద ఒక నమూనా రాసి, పిల్లలు దించుకున్నాక తర్వాతి పాఠానికి వెళ్లిపోతాం. నేనూ చాలాకాలం అలాగే చెప్పాను. పిల్లలకు మార్కులు వచ్చేవి, లేఖ రాయడం మాత్రం వచ్చేది కాదు. తర్వాత పద్ధతి మార్చుకున్నాను. తోటి టీచర్లు, అప్పుడప్పుడు తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్నలకు నా జవాబులు ఇవి.

ఈ లేఖ నిజానికి ఎవరి కోసం?

పిల్లలకు అన్నిటికంటే ముందు అర్థం కావాల్సింది ఇదే. పైన రాసే పేరు సంపాదకుడిది. చదివేది మాత్రం పత్రిక చేతిలోకి తీసుకున్న వేలమంది. ఈ సంగతి తెలియక పిల్లలు 'దయచేసి మా వీధి దీపాలు వెంటనే వెలిగేలా చర్య తీసుకోగలరు' అని ఎడిటర్‌నే వేడుకుంటారు. దీపాలు వేయించడం ఎడిటర్ పని కాదు. ఆయన చేయగలిగింది ఆ మాటకు నలుగురిలో చోటు ఇవ్వడం. కాబట్టి ఎడిటర్‌ను అడగాల్సింది లేఖ అచ్చు వేయమని. పని చేయమని అడగాల్సింది ఆ పని ఎవరి చేతిలో ఉందో వాళ్లని. ఒప్పించాల్సింది ఆ సమస్య ఎప్పుడూ ఎదురుకాని పాఠకుడిని.

దీన్ని మాటల్లో చెబితే పిల్లలకు ఎక్కదు. నేను తరగతిలో మూడు కుర్చీలు వేస్తాను. ఒక దాంట్లో ఎడిటర్, ఒక దాంట్లో సంబంధిత అధికారి, ఇంకో దాంట్లో ఆ సంగతి ఏమీ తెలియని పాఠకుడు. ఒకరు లేఖ చదువుతుంటే, ఆ వాక్యం తనకే చెబుతున్నారని అనిపించినవాళ్లు చెయ్యి ఎత్తాలి. కొన్ని వాక్యాలకు ఎవరూ చెయ్యి ఎత్తరు. 'నేటి సమాజంలో సమస్యలు నానాటికీ పెరిగిపోతున్నాయి' లాంటివి అవి. వాటిని తీసేయమని నేను చెప్పాల్సిన అవసరం రాదు. రాసిన పిల్లవాడే కొట్టేస్తాడు.

ఫిర్యాదు లేఖకూ దీనికీ తేడా ఏమిటి?

ఫిర్యాదు లేఖ చదివే అధికారికి ఆ పని తన బాధ్యతేనని ముందే తెలుసు. పత్రికలో లేఖ చదివే మనిషికి 'ఇది నాకెందుకు?' అనే ప్రశ్న ఉంటుంది. దానికి మొదటి పేరాలోనే జవాబు దొరకాలి.

ఫార్మాట్ ముందు చెప్పాలా, విషయం ముందా?

విషయమే ముందు. ఫార్మాట్ ముందు చెబితే పిల్లలు దాన్ని ఖాళీలు పూరించే కాగితంలా చూస్తారు. చెప్పాల్సిన మాట ఒకటి మనసులో పడ్డాక, అది ఎవరికో తేలాక, ఫార్మాట్ అరగంటలో వచ్చేస్తుంది. పరీక్ష దగ్గరపడిందని టెన్షన్‌గా ఉంటే ఫార్మాట్‌కు ఇంకో పీరియడ్ ఇవ్వండి, కానీ వరస మాత్రం మార్చకండి.

ఫార్మాట్‌లో ఏమేం ఉండాలి?

రాసేవాళ్ల చిరునామా, తేదీ, సంపాదకుడి హోదా, పత్రిక పేరు, చిరునామా, విషయం, సంబోధన, లేఖ, ముగింపు, సంతకం, పేరు. ఈ జాబితా ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంటుంది. అది ఎందుకలా ఉందో మాత్రం ఉండదు. కారణం తెలిస్తే పిల్లలు మరిచిపోరు.

చిరునామా ఎందుకంటే, లేఖ రాసింది నిజమైన మనిషేనా అని పత్రికవాళ్లు సరిచూసుకోవాలి. తేదీ ఎందుకంటే, 'నిన్న', 'పోయిన వారం' అన్న మాటలకు అర్థం రావాలి. 'విషయం' అన్న వరస ఎందుకంటే, ఎడిటర్ టేబుల్ మీద లేఖలు గుట్టగా ఉంటాయి. ఆ ఒక్క వరస చూసే చాలామంది లోపలికి చదవాలో లేదో నిర్ణయించుకుంటారు. అందుకే 'విషయం: మా సమస్య గురించి' అని రాస్తే ఏమీ చెప్పనట్టే. 'విషయం: బడి ముందు జీబ్రా గీతలు చెరిగిపోవడం' అంటే చెప్పినట్టు.

చిరునామా కుడివైపు రాయాలా, ఎడమవైపా అని చాలామంది అడుగుతారు. రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి. పరీక్ష పెట్టే బోర్డు ఏది అడిగితే అది రాయించండి. ఒకే లేఖలో రెండూ కలపకుండా చూస్తే చాలు. ఈమెయిల్‌లో పంపేటప్పుడు విషయం సబ్జెక్ట్ వరసలోకి వెళ్తుంది, చిరునామా, ఫోన్ నంబరు చివర పేరు కింద వస్తాయి.

'ఆర్యా' అనాలా, 'అయ్యా' అనాలా?

సంపాదకులు ఆడవాళ్లూ కావచ్చు. 'సంపాదకులు గారికి' అంటే ఎవరికైనా సరిపోతుంది, మర్యాదగానూ ఉంటుంది. ముగింపులో 'భవదీయుడు' లేదా 'భవదీయురాలు' చాలు. 'మీ విధేయుడు' ప్రధానోపాధ్యాయుడికి రాసే సెలవు చీటీలో అలవాటైన మాట. పత్రికకు లేఖ రాసేవాడు ఎడిటర్‌కు విధేయుడిగా రాయడం లేదు, తోటి పౌరుడిగా రాస్తున్నాడు. పిల్లలకు ఈ తేడా చెబితే వాళ్ల రాత నిటారుగా నిలబడుతుంది.

పిల్లలకు రాయడానికి విషయాలే దొరకవు. ఏం చేయాలి?

దొరకకపోవడం కాదు, మనం ఇచ్చే విషయాలు పెద్దవి. కాలుష్యం, నిరుద్యోగం, అవినీతి అని ఇస్తే పిల్లవాడి దగ్గర ఉండేది విన్న మాటలే. పదమూడేళ్ల వాళ్లకు సొంతంగా తెలిసిన సంగతులు ఉంటాయి. ఆటస్థలంలో కొళాయి ఎప్పటినుంచి పనిచేయడం లేదో, బస్సు ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఆగుతుందో, బడి వదిలే వేళకు రోడ్డు దాటడం ఎంత కష్టమో వాళ్లకే తెలుసు.

ఒక వారం చిన్న నోట్‌బుక్ పెట్టుకోమంటాను. రోజూ ఒక వాక్యం. అందులో ఒక అంకె తప్పనిసరి. 'ఈ రోజు రోడ్డు దాటడానికి 6 నిమిషాలు పట్టింది.' 'మూడు దీపాల్లో ఒకటే వెలుగుతోంది.' వారం చివర ఆ నోట్‌బుక్‌లోంచే లేఖ పుడుతుంది. ఇంకో దారి, పత్రికలో వచ్చిన వార్తకో వ్యాసానికో స్పందించడం. అలాంటప్పుడు ఏ తేదీన, ఏ శీర్షికతో వచ్చిందో మొదటి వాక్యంలోనే చెప్పాలి. ఆ వ్యాసం చదవని వాళ్లకూ అర్థమయ్యేలా దాని సారం ఒక్క ముక్కలో చెప్పాలి. ఆలస్యం చేయకూడదు. వార్త వచ్చిన రెండు మూడు రోజుల్లో పంపిన లేఖకు ఉన్న అవకాశం నెల తర్వాత పంపినదానికి ఉండదు.

ఒక నమూనా చూపిస్తారా?

చూపిస్తాను, కానీ ముందు నా తరగతుల్లో ఎక్కువగా కనబడే రకం చూడండి:

'పుస్తకం హస్తభూషణం అన్నారు పెద్దలు. గ్రంథాలయాలు విజ్ఞాన భాండాగారాలు. కానీ నేటి యువత సెల్‌ఫోన్లకు బానిసలై పఠనాసక్తిని కోల్పోతున్నారు. మా ప్రాంతంలో గ్రంథాలయం సరిగా లేదు. కావున సంబంధిత అధికారులు తగు చర్యలు తీసుకోవలసిందిగా ప్రార్థన.'

ఇందులో ఒక్క వాక్యం కూడా రాసినవాడిది కాదు. గ్రంథాలయం సరిగా లేదంటే ఏం లేదు? తగు చర్య అంటే ఏ చర్య? అదే పిల్లవాడితో పక్కన కూర్చుని, 'నువ్వు చివరిసారి ఎప్పుడు వెళ్లావు? ఏం జరిగింది?' అని అడుగుతూ పోతే వచ్చే లేఖ ఇలా ఉంటుంది:

'విషయం: గ్రంథాలయం సాయంత్రం వేళలు

సంపాదకులు గారికి,

మా బడి సాయంత్రం 4.30కు వదులుతారు. అక్కడి నుంచి గ్రంథాలయానికి నడక 20 నిమిషాలు. గ్రంథాలయం 5 గంటలకు మూసేస్తారు. మాకు మిగిలేది 10 నిమిషాలు.

గత రెండు వారాల్లో నేను 6 రోజులు వెళ్లాను. 4 రోజులు నేను చేరేసరికే తలుపులు వేస్తున్నారు. లోపలికి వెళ్లగలిగిన రెండు రోజులూ పిల్లల విభాగంలో ఒక్కరు కూడా లేరు. పిల్లలకు చదివే ఆసక్తి లేదని పెద్దవాళ్లు అంటుంటారు. మేం రాగలిగే వేళకు గ్రంథాలయం తెరిచి ఉండటం లేదు.

సిబ్బంది పని గంటలు పెంచమని అడగడం లేదు. వారంలో రెండు రోజులు ఉదయం ఆలస్యంగా తెరిచి, సాయంత్రం 7 వరకు ఉంచితే చాలు. గ్రంథాలయ అధికారులు ఒక నెలపాటు ఇలా చేసి చూడాలని కోరుతున్నాను.

భవదీయుడు'

రెండో లేఖలో కష్టమైన మాట ఒక్కటీ లేదు. మూడో పేరాలో మొదటి వాక్యం మీద మాత్రం తరగతిలో కాసేపు ఆగండి. ఎదుటివాళ్లు ఏం అభ్యంతరం చెబుతారో ముందే ఊహించి రాసిన వాక్యం అది. వాదన అంటే ఏమిటో పిల్లలకు అక్కడ తెలుస్తుంది. ఈ ఒక్క వాక్యం రాయగలిగిన పిల్లలకు మిగతా లేఖ ఎలా ఉన్నా నేను మంచి మార్కులే వేస్తాను.

నమూనా చూపించాక నల్లబల్ల తుడిచేయండి. ఉంచితే గ్రంథాలయం ఉన్న చోట కొళాయి పెట్టి అందరూ అదే లేఖ ఇస్తారు.

'తెలియజేయునది ఏమనగా', 'కావున' లాంటి మాటలు వాడితేనే అది అధికారిక లేఖ కదా?

కాదు. పత్రికలు చాలాకాలంగా వాడుక భాషలోనే వస్తున్నాయి. అందులో వచ్చే లేఖ మాత్రం పాత కచేరీ అర్జీలా ఉండటం ఎందుకు? మర్యాద అనేది 'గారు'లో, సూటిదనంలో, ఎదుటివాళ్ల సమయాన్ని గౌరవించడంలో ఉంటుంది. 'చేయవలసిందిగా కోరడమైనది' అంటే కోరింది ఎవరో కూడా తెలియదు. 'కోరుతున్నాను' అంటే మాట వెనక ఒక మనిషి కనబడతాడు. అలాగని స్నేహితుడికి మెసేజ్ పెట్టినట్టూ ఉండకూడదు. పొట్టి అక్షరాలు, వరసగా మూడు ఆశ్చర్యార్థకాలు వద్దు. ఇంట్లో తాతగారి స్నేహితుడితో మాట్లాడేటప్పుడు ఎలా మాట్లాడతారో అలా రాయమని చెబుతాను. పిల్లలకు వెంటనే అర్థమవుతుంది.

ఎంత పొడవు ఉండాలి?

పరీక్షలో ఎన్ని పదాలు అడిగితే అన్ని. పత్రికకైతే ఆ పత్రిక పెట్టిన హద్దు చూసుకోవాలి. ఎక్కువగా 150 నుంచి 250 పదాల లోపు లేఖలకే చోటు దొరుకుతుంది. పొడవైన లేఖను డెస్క్ మీద కత్తిరించేటప్పుడు చివరి పేరాలకే ముందు ముప్పు. కాబట్టి అసలు మాట పైనే ఉండాలి. మా తరగతిలో రఫ్ రాశాక సగానికి సగం తగ్గించమంటాను. మొదట గోల చేస్తారు. తర్వాత ఏ వాక్యం లేకపోయినా నష్టం లేదో వాళ్లే కనిపెడతారు.

కోపంగా రాయొచ్చా? పేర్లు పెట్టి విమర్శించవచ్చా?

కోపం ఉండటం తప్పు కాదు. చాలా మంచి లేఖలు కోపంలోంచే వచ్చాయి. కానీ అచ్చులో కోపం మాటల్లో కాకుండా వివరాల్లో కనబడాలి. 'సిగ్గులేని అధికారులు' అని రాస్తే చదివేవాళ్లు రాసినవాడి స్వభావం గురించి ఆలోచిస్తారు. 'ఈ గుంత గురించి ఏప్రిల్‌లో ఒకసారి, జూన్‌లో ఒకసారి రాసి ఇచ్చాం, ఇంకా అలాగే ఉంది' అని రాస్తే గుంత గురించి ఆలోచిస్తారు.

ఒక వ్యక్తి డబ్బు తీసుకున్నాడనో, మోసం చేశాడనో పేరు పెట్టి రాయడం వేరే సంగతి. రుజువు లేకుండా అలా రాస్తే పరువు నష్టం కిందకు వస్తుంది. ఆ బాధ్యత రాసినవాళ్ల మీదా పడుతుంది, అచ్చు వేసినవాళ్ల మీదా పడుతుంది. పిల్లలకు ఇది భయపెట్టేలా చెప్పక్కర్లేదు. మూడు రంగుల పెన్సిళ్లు ఇవ్వండి. తాను చూసిన దాని కింద ఒక రంగు, విన్నదాని కింద ఇంకో రంగు, తన అభిప్రాయం కింద మూడోది. 'విన్నది' రంగు ఎక్కువగా ఉంటే, వెళ్లి చూసొచ్చాక మళ్లీ రాయమనండి.

అక్షరదోషాలను ఎంతవరకు పట్టించుకోవాలి?

1849 జులై 5న లండన్ పత్రిక ది టైమ్స్ ఒక లేఖ అచ్చు వేసింది. సెయింట్ గైల్స్ అనే మురికివాడలో ఉండేవాళ్లు 54 మంది సంతకాలతో పంపిన లేఖ అది. మరుగుదొడ్లు లేవు, చెత్త డబ్బాలు లేవు, నీళ్లు లేవు, మురుగు పోయే దారి లేదు అని రాశారు. అది నగరంలో కలరా తీవ్రంగా ఉన్న సంవత్సరం. కలరా వస్తే దేవుడే మాకు దిక్కు అన్నట్టు రాసుకున్నారు. లేఖ నిండా స్పెల్లింగ్ తప్పులే. పత్రిక వాటిని దిద్దకుండా ఉన్నదున్నట్టు వేసింది. ఇన్నేళ్లయినా ఆ లేఖ గురించి మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఏం లేదో ఒక్కొక్కటిగా పేరు పెట్టి చెప్పడంలోనే దాని బలమంతా ఉంది.

ఈ కథ చెప్పి ఒత్తులు, దీర్ఘాలు వదిలేయమని కాదు. తప్పులు లేని లేఖకు ఎక్కువ గౌరవం దక్కుతుంది, దిద్దుకునే వీలున్నప్పుడు దిద్దుకోవాలి. కానీ మొదటి రఫ్‌లో ఎర్ర ఇంకు పెట్టకండి. తప్పులకు భయపడే పిల్లలు తమకు రాయడం వచ్చిన మాటలే రాస్తారు, తాము చెప్పాలనుకున్న మాట వదిలేస్తారు. దిద్దడం చివరి రోజు పని.

చిన్నపిల్లల లేఖలు ఎవరైనా వేస్తారా?

వేస్తారు. 1897లో న్యూయార్క్‌లో వర్జీనియా ఓహన్లన్ అనే ఎనిమిదేళ్ల పాప ది సన్ పత్రికకు కొన్ని వరసల లేఖ రాసింది. శాంటాక్లాజ్ ఉన్నాడా, లేడా, నిజం చెప్పండి అని ఒకే ఒక్క ప్రశ్న. ఆ ఏడాది సెప్టెంబర్ 21న పత్రిక తన సంపాదకీయంలో జవాబిచ్చింది. దాన్ని రాసిన ఫ్రాన్సిస్ చర్చ్ పేరు ఆయన చనిపోయేదాకా బయటికి రాలేదు. ఆ లేఖను తరగతిలో చెప్పేటప్పుడు పాప మొదటి వాక్యంలోనే తన వయసు చెప్పిందని, తనకు ఆ సందేహం ఎందుకు వచ్చిందో కూడా చెప్పిందని గుర్తుచేస్తాను. మంచి లేఖకు కావాల్సినవన్నీ అందులో ఉన్నాయి. పిల్లలను పెద్దవాళ్లలా రాయమని బలవంతం చేయకండి. తొమ్మిదో తరగతి చదువుతున్నానని మొదట్లోనే రాయడం లేఖకు లోపం కాదు, బలం.

మారుపేరుతో పంపవచ్చా?

బెంజమిన్ ఫ్రాంక్లిన్ 16 ఏళ్ల వయసులో అలాగే పంపాడు. బోస్టన్‌లో అన్నగారి పత్రికలో పనిచేస్తూ, తన పేరుతో ఇస్తే వేయరని, సైలెన్స్ డూగుడ్ అనే వితంతువు పేరుతో రాసి రాత్రిపూట ప్రెస్ తలుపు కింద నుంచి తోసేవాడు. 1722లో 14 లేఖలు అచ్చయ్యాయి. కథగా పిల్లలకు బాగా నచ్చుతుంది. ఇప్పుడు మాత్రం దాదాపు అన్ని పత్రికలూ అసలు పేరు, చిరునామా అడుగుతాయి. తగిన కారణం ఉంటే పేరు అచ్చులో వేయవద్దని కోరవచ్చు, కానీ ఎడిటర్‌కు మాత్రం నిజం తెలియాలి.

రాసిన లేఖలు నిజంగా పంపాలా?

పంపాలి. పంపుతారని తెలిసిన రోజు పిల్లల రాత మారిపోతుంది. కానీ నలభై మందీ ఒకే విషయం మీద పంపితే ఎడిటర్‌కు అది హోంవర్క్ అని తెలిసిపోతుంది. ఒకే లేఖను నాలుగు పత్రికలకు పంపడమూ మర్యాద కాదు. తల్లిదండ్రుల అనుమతి ముందే తీసుకోండి. ఇంటి చిరునామా బదులు బడి చిరునామా, టీచర్ ఫోన్ నంబరు ఇవ్వండి. పిల్లల నంబర్లు ఎక్కడా వద్దు.

ఏఐతో రాయించుకొస్తే?

నోట్‌బుక్ చూపించమనండి. ఆ వారం రోజుల అంకెలు ఏ యంత్రం దగ్గరా ఉండవు. అవి లేని లేఖను నేను వెనక్కి ఇచ్చేస్తాను, ఎవరు రాశారని అడగను.

మార్కులు ఎలా వేయాలి?

బోర్డు పరీక్షకు బోర్డు చెప్పినట్టే. తరగతిలో నేను పదికి వేసేది ఇలా: ఫార్మాట్‌కు 2, స్పష్టమైన ఒకే విషయానికి 2, తాను చూసిన వివరాలకు 3, చేయగలిగిన పరిష్కారానికి 2, భాషకు 1. భాషకు తక్కువ వేశారేమని అడుగుతారు. వివరాలు సరిగ్గా రాసిన లేఖలో భాష దాదాపు ఎప్పుడూ బాగానే ఉంటుంది.

ఒక్క లేఖతో ఏం మారుతుంది?

పిల్లలు ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతారు. అన్నీ మారిపోతాయని చెప్పకండి. 1893లో గాంధీ దక్షిణాఫ్రికా చేరిన కొద్ది రోజులకే డర్బన్ కోర్టులో మేజిస్ట్రేట్ ఆయన్ను తలపాగా తీయమన్నారు. ఆయన తీయకుండా బయటికి వచ్చేసి పత్రికకు లేఖ రాశారు. దాని మీద పత్రికల్లో చర్చ నడిచింది. కొందరు సమర్థించారు, కొందరు తప్పుపట్టారు. ఎవరికీ తెలియని ఆ యువ వకీలు గురించి ఊరంతా మాట్లాడుకుంది. ఆ లేఖతో కోర్టు పద్ధతి మారలేదు. కోర్టు గదిలో ఇద్దరి మధ్య ముగిసిపోవాల్సిన సంగతి బయటికి వచ్చి అందరిదీ అయింది. లేఖ చేసే పని అదేనని పిల్లలకు చెబుతాను.

లేఖ అచ్చయితే, కాకపోతే తర్వాత ఏం చేయాలి?

పంపే ముందు ప్రతి లేఖకూ ఒక కాపీ ఉంచుకోవాలి. రెండు వారాలు చూసి రాకపోతే, అదే లేఖను సంబంధిత అధికారికి ఫిర్యాదుగా మార్చి పంపడం నేర్పండి. అది మంచి అభ్యాసం, పైగా శ్రమ వృథా కాదు. అచ్చయితే పత్రికలో వచ్చినదాన్ని, కాపీని పక్కపక్కన గోడకు అంటించండి. ఎడిటర్ ఏ మాట తీసేశారు, ఏ వాక్యం పైకి తెచ్చారు, ఏ శీర్షిక పెట్టారు అని పిల్లలతో లెక్క కట్టించండి. ఒకసారి మా తరగతి అమ్మాయి లేఖలో 11 వాక్యాలకు 6 మిగిలాయి. ముందు ఏడుపు మొహం పెట్టింది. తర్వాత రెండింటినీ పైకి చదివి, 'ఈ ఆరూ ఉంటే చాలు కదా టీచర్' అంది.